ముట్టుకున్న రాజు

మొన్న ఆదివారం మా మనవరాలు చదరంగం క్లాసు నుంచి మొహం మాడ్చుకుని వచ్చింది. హిమాయత్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంటు సెల్లార్‌లో నడుస్తుంది ఆ క్లాసు. లోపల ఏసీ, గోడ నిండా ఛాంపియన్ల ఫోటోలు, బయట చెప్పులు విడవడానికి కూడా చోటుండదు. ఏమైందే అని అడిగితే, "సార్ నాకు మళ్లా బ్లాకే ఇచ్చిండు అమ్మమ్మా. బ్లాక్ వచ్చిందంటే ఆడకముందే సగం ఓడినట్టు" అంది.

నాకు ఒళ్లు మండింది. "ఎవరే నీకు చెప్పింది? మా తాత తన జన్మలో తెల్లపావులతో ఆడలేదు, తెలుసా?" అన్నాను.

"అయితే అన్నీ ఓడిపోయిండా?"

చూశారా, ఈ కాలపు పిల్లలు! కూర్చో చెప్తాను అని మొదలుపెట్టాను. సగం దాకా విన్నది. ఇంతలో దాని స్నేహితురాలి ఫోనొచ్చింది, లేచి వెళ్లిపోయింది. మిగతా సగం నా గొంతులోనే ఉండిపోయింది. ఇంత వయసొచ్చాక గొంతులో ఏదన్నా ఉండిపోతే మంచిది కాదు. అందుకే రాస్తున్నాను.

మా ఇల్లు నాంపల్లిలో, స్టేషన్‌కు ఎదురు సందులో ఉండేది. ఇప్పుడక్కడ లాడ్జి కట్టారు, రిసెప్షన్‌లో చేపల తొట్టి పెట్టారు. ఆమధ్య మెట్రో దిగి చూసి వద్దామని వెళ్తే, అక్కడి మనిషి "రూమ్ కావాల్నా మేడం?" అన్నాడు. నేను పుట్టి పెరిగిన చోటే నాకు కిరాయికిస్తానన్నాడు, ఏం చెప్పను!

ఆ సందుకు పూటకొక వాసన. పొద్దున్నే రైలింజన్ల బొగ్గు పొగ. ఉతికి ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి రాలేది, మా అమ్మ స్టేషన్ వాళ్లందరినీ పేరుపేరునా తిట్టేది. మధ్యాహ్నం ఎదురింటి వాళ్ల ఖట్టీదాల్ పోపు. సాయంత్రం నాలుగు దాటితే మూలమీది బేకరీలో బిస్కెట్లు పొయ్యి దిగే వాసన. ఆ వాసన వచ్చిందంటే మా తాత మంచం మీద లేచి కూర్చునేవాడు. షేర్వానీ గుండీలు పెట్టుకుని, టోపీ సర్దుకుని, చేతికర్ర పట్టుకుని ఆబిడ్స్‌కు బయలుదేరేవాడు. అక్కడి ఇరానీ హోటల్లో ఒక చాయ్, ఉర్దూ పేపరు, పది మందితో నాలుగు మాటలు. దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉండేవాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది తప్పలేదు. నాయనమ్మ పోయిన పదమూడో రోజు దాటాక కూడా ముందు చేసిన పని అదే.

తాత ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఇంట్లో తెలుగే మాట్లాడేవాడు కాని లెక్కపెట్టాలంటే మాత్రం ఏక్, దో, తీన్ అనేవాడు. బఠానీలు ఒలిచినా అంతే, గుళ్లో ప్రదక్షిణలు చేసినా అంతే. "ఆ దేవునికి ఉర్దూ వస్తదా?" అని నాయనమ్మ దెప్పేదట. "వస్తది, హైదరాబాద్ దేవుడు గద" అనేవాడట.

ఆదివారం పొద్దంతా మా వరండాలో చదరంగం నడిచేది. పక్క సందులో ఉండే హకీం సాబ్, కట్టెల అడితీ ఆయన, బడిలో తాతతో పనిచేసినవాళ్లు వచ్చేవారు. అమ్మ వాళ్లందరికీ సర్వపిండి కాల్చి పంపేది. నేను పళ్లెం తీసుకెళ్తూ దారిలోనే ఒక్కోదాన్నీ ఒక పక్క విరుచుకుని తినేసేదాన్ని. పళ్లెంలో అన్నీ నెలవంకల్లా మిగిలేవి. "మీ ఇంట్ల సర్వపిండికి గ్రహణం పడుతదేంది మాస్టర్ సాబ్?" అని నవ్వేవాడు కట్టెల అడితీ ఆయన.

బోర్డు పరవగానే తాత తెల్లపావులను అవతలివైపు తిప్పి పెట్టేవాడు. అది మా ఇంటి ఆనవాయితీ. "ఇంటికొచ్చినోళ్లకు ముందు వడ్డించి మనం తింటమా, లేదా? గిది గూడ గంతే. మొదటి ఎత్తు వాళ్లది, తర్వాతనే మనది" అనేవాడు. వచ్చేవాళ్లందరూ అతిథులే కనక తాతకు ఎప్పుడూ నల్లవే. ఆయన పక్కన కూర్చుని చూస్తూ నేర్చుకున్నాను కనక నాకూ నల్లవే అలవాటు. తెల్లపావులతో ఆట ఎలా మొదలుపెట్టాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ సంగతి మాకు లోటుగా కూడా అనిపించలేదు.

అక్కడ ఆడేది దేశీ ఆట. బంట్లు ఒక్కో గడే నడిచేవి. రాజుకు మాత్రం ఆట మొత్తంలో ఒక్కసారి, చెక్ పడకముందు, గుర్రంలా దూకే హక్కుండేది. బంటు అవతలి అంచుకు చేరితే ఏ గడి చేరిందో ఆ గడి పావుగా మారేది. గుర్రం గడికి చేరితే గుర్రమే, మంత్రి కావాలంటే కుదరదు. లోకమంతా ఇలాగే ఆడుతుందని మేం అనుకునేవాళ్లం.

కాదని చెప్పింది మా పై పోర్షన్‌లో కిరాయికుండే బ్యాంకు సారు. గుంటూరు దిక్కు నుంచి వచ్చి మా నగరంలో స్థిరపడిన మనిషి. చదరంగం పుస్తకం చేత్తో పట్టుకుని ఆడేవాడు. మెత్తని మాట, ఇస్త్రీ మడత నలగని చొక్కా. మొదటిసారి తాత రాజును దూకించినప్పుడు ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మాస్టారూ, పోటీల్లో ఇలా ఆడనివ్వరండీ. రాజు దూకకూడదు. దానికి బదులు రాజునీ ఏనుగునీ కలిపి ఒకే ఎత్తులో జరపొచ్చు. కోట కట్టడం అంటారండీ దాన్ని. బంటుకి మొదటిసారి రెండు గళ్లు నడిచే వీలుంది. అవతలి గట్టుకి చేరితే మీకేది కావాలంటే అది తీసుకోవచ్చు."

"బాద్‌షా ఎందుకు దుంకొద్దు సార్? పానం మీదికొస్తె మీరయితే దుంకరా?" అన్నాడు తాత.

అయినా నేర్చుకున్నాడు. సాయంత్రాలు ఇద్దరూ కొత్త పద్ధతిలో ఆడేవారు, నేను పక్కన కూర్చుని తాతకంటే ముందే ఆ రూల్స్ పట్టేశాను. ఒకటి మాత్రం సారు గట్టిగా చెప్పాడు. పోటీలో పావును ముట్టుకుంటే దాన్నే ఆడాలి, మనసు మార్చుకోవడానికి లేదు. ఆ రూలు తాతకు చాలా నచ్చింది. "గిది మంచి రూలు. మాట అన్నంక అన్నట్టే" అన్నాడు.

ఆ ఎండాకాలం మా ఇల్లంతా మామిడికాయల వాసన. కింద మా అమ్మ అల్లం వెల్లుల్లి నూరి తొక్కు పెడుతుంటే, పైన బ్యాంకు సారు భార్య ఆవపిండి కలిపి ఆవకాయ పెట్టేది. ఇద్దరూ మెట్ల మీద గిన్నెలు మార్చుకునేవారు, "బాగుందండీ అక్కయ్యగారూ", "మంచిగున్నది వదినా" అనుకునేవారు, ఇంట్లోకి వచ్చి ఎవరిది వాళ్లే తినేవారు. నేను మాత్రం రెండు జాడీల్లోనూ వేలు పెట్టి నాకేదాన్ని. ఆ ఊరగాయల హడావుడిలోనే ఒక సాయంత్రం తాత తప్పిపోయాడు.

నాలుగ్గంటలకు బిస్కెట్ల వాసన వచ్చింది, తాత ఎప్పటిలాగే వెళ్లాడు. దీపాలు పెట్టారు, రాలేదు. లక్డీకాపూల్ ఆఫీసు నుంచి మా నాన్న, అదే మా బాపు, వచ్చాడు. సంగతి విని సైకిలు గోడకు పడేసి మళ్లీ పరుగు తీశాడు. ఇరానీ హోటల్లో లేడు. పోస్టాఫీసు మెట్ల మీద లేడు. బాపు రెండోసారి ఇంటికొచ్చి "ఇంక రాలేదా?" అని అడిగినప్పుడు ఆయన చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. అంతలో సందులోకి ఒక రిక్షా వచ్చింది. అందులో తాత, దర్జాగా, కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

"చాదర్‌ఘాట్ వంతెన కాడ నిలబడ్డడు సాబ్," అన్నాడు రిక్షా అతను బాపుతో. "చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన సారు. గీడ ఏం చేస్తున్నరు సార్, ఇల్లేడ అంటె చెప్తలేడు. నాంపల్లి అని నాకు ఎరుకనే గనుక తోలుకొచ్చిన."

"మూసీ చూడబుద్ధయింది, పోయిన. అండ్ల ఏమున్నది?" అని తాత గదమాయించాడు. కాని అన్నం తినేటప్పుడు చూశాను. తొక్కు ఎక్కడుందో కనబడనట్టు పళ్లెమంతా తడుముతున్నాడు.

మర్నాడు పొద్దున బాపు తాత చెప్పులు తీసి బీరువా మీద పెట్టాడు. "ఒక్కనివి బయటికి పోవద్దు నాయినా. నేను ఆఫీసుకెల్లి వచ్చినంక తోలుకపోత" అన్నాడు. తాత ఆ బీరువా వైపు చూసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. బాపు మీద నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇప్పుడనిపిస్తుంది, ముందురోజు సాయంత్రం ఊరంతా పరుగెత్తిన మనిషి ఇంకేం చేస్తాడని. అప్పుడు నాకు కనిపించింది ఒక్కటే. రోజూ నాలుగయ్యేసరికి వాసన వచ్చేది, తాత లేచి గుండీలు పెట్టుకునేవాడు, కాళ్లవైపు చూసుకునేవాడు, మళ్లీ గుండీలు విప్పుకునేవాడు. బాపు వచ్చి వెళ్దామా అంటే "వద్దు, నన్ను తిప్పుకరానికి నేను కోడెదూడనా?" అనేవాడు.

నేను ఊరుకుంటానా? ఒక మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుండగా చీపురుకట్టతో ఆ చెప్పుల్ని కిందికి లాగబోయాను. ఒకటి సరిగ్గా తొక్కు జాడీ మీద పడి మూత పగిలింది. అమ్మ లేచి వీపు మీద రెండు వేసింది. ఆ చప్పుడుకు తాత నవ్వాడు, చాలా రోజులకు. "బిడ్డా, కిల్లా మీద గట్ల సీదా దాడి చెయ్యొద్దు" అన్నాడు.

ఆ వారంలోనే బ్యాంకు సారు ఒక కబురు తెచ్చాడు. స్టేషన్ రోడ్డులోని పఠనమందిరం వాళ్లు ఎండాకాలం చదరంగం పోటీ పెడుతున్నారు. తాత ఆ మాట విన్నాడు. బాపు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే పిలిచాడు.

"నా తలకాయ ఖరాబయిందంటున్నవు గద?"

"నేనట్ల అన్ననా నాయినా?"

"నోటితోని అనలె. చెప్పులు తీస్కపోయి బీరువ మీద పెట్టినవ్. నేను పోటీల ఆడుత. గెలిస్తె నా చెప్పులు నాకియ్యాలె. ఏడికి పోతున్నవని అడగొద్దు, ఎనుక రావొద్దు. ఓడిన్ననుకో, నువ్వు చెప్పినట్టె మంచంల కూసుంట. మళ్ల అడగ."

బాపు తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "సరే" అన్నాడు. తర్వాత వంటింట్లో అమ్మతో అనడం నేను విన్నాను. "పెద్ద పెద్దోళ్లు ఆడుతరు అండ్ల. మొదటి ఆటలనే పోతడు. ఇంట్ల కూసునుడు తనకు తానే ఒప్పుకుంటడు, నేను చెప్పులు దాచిపెట్టే పని తప్పుతది." అన్నాడు గాని ఆ గొంతులో సంతోషమేమీ లేదు.

ఇక మధ్యాహ్నాలన్నీ నాతోనే సాధన. తాత పాత ఆటలు ఎత్తు తర్వాత ఎత్తు అప్పజెప్పేవాడు. నేను పుట్టకముందు హకీం సాబ్‌తో ఆడినవి కూడా. హకీం సాబ్ పోయి అప్పటికి కొన్నేళ్లయింది. కాని ఆట మధ్యలో ఆగి, "బిడ్డా, కోట కట్టుడు ఎట్లనో మళ్లొకసారి చెప్పు" అనేవాడు. చెప్పేదాన్ని. కాసేపటికి మళ్లీ అడిగేవాడు. తను మధ్యాహ్నం అన్నం తిన్నాడా లేదా అని అమ్మను అడిగేవాడు. నాకదంతా ఆటగానే ఉండేది, "మళ్లా మర్చిపోయినవా తాతా!" అని కేకలేసి నవ్వేదాన్ని. ఆయన కూడా నాతో నవ్వేవాడు.

పోటీ మొదలైంది. ఆట ఉన్న రోజున బాపే చెప్పులు దించి తాతను తీసుకెళ్లేవాడు, ఇంటికి రాగానే మళ్లీ బీరువా మీద పెట్టేవాడు. తాత మొదటి ఆటలో పోలేదు. రెండో ఆటలోనూ పోలేదు. ప్రతిసారీ పోటీ నడిపే కార్యదర్శి గారు రంగుల కోసం చీటీ తియ్యమంటే, "వద్దు, వాళ్లకు తెల్లవి ఇయ్యిండ్రి" అనేవాడు. అవతలివాళ్లు ఎగిరి గంతేసి తీసుకునేవారు. అలా నల్లపావులతోనే ఒక్కొక్కరినీ దాటుకుంటూ ఆఖరి ఆటకు చేరాడు. అటువైపు నుంచి ఆఖరి ఆటకు వచ్చింది మా బ్యాంకు సారే.

"ఇప్పుడన్న చీటీ తియ్యి నాయినా. సార్ గట్టి మనిషి" అన్నాడు బాపు ఆ రోజు పొద్దున. ఓడిపోవాలని కోరుకున్న మనిషి ఎందుకు సలహా ఇస్తున్నాడో నాకు అర్థం కాలేదు.

"మన ఇంట్ల ఉండేటాయనకు తెల్లవి ఇయ్యకుంట నేను తీసుకోవాల్నా? కిరాయికున్నా మనింటికొచ్చిన మనిషే" అన్నాడు తాత.

పఠనమందిరంలో పాత పుస్తకాల బైండింగు జిగురు వాసన, జనం చెమట వాసన. మూలన తడిగుడ్డ చుట్టిన నీళ్ల కుండ. తలమీద ఒకే ఒక ఫ్యాను, అది తిరుగుతోందో ఆలోచిస్తోందో తెలియదు. బల్ల చుట్టూ మనుషులు మూగారు. నేను తాత కుర్చీ పక్కనే బెంచి అంచున కూర్చున్నాను. బాపు లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

మొదట్లో అంతా సవ్యంగానే సాగింది. తాత బంటును రెండు గళ్లు నడిపినప్పుడల్లా నాకు ఊపిరి తిరిగొచ్చేది. కొంతసేపటికి మంత్రుల్ని మార్చుకున్నారు. అది తాతకు ఇష్టమే. వజీరు పోతే గాని బాద్‌షాకు పని దొరకదు అనేవాడు. సారు అప్పటికే కోట కట్టి తన రాజును మూలన భద్రంగా పెట్టుకున్నాడు. తాత రాజు మాత్రం నడుమనే ఉంది. కోట కడదామంటే దారిలో శకటు అడ్డుగా ఉంది. తాత గడ్డం గీరుకుంటూ చాలాసేపు చూశాడు. తర్వాత తాపీగా రాజును ఎత్తి, గుర్రంలా దూకించి, బంట్ల చాటున పెట్టాడు. పెట్టి, వెనక్కి ఒరిగి, "ఔర్?" అన్నాడు నవ్వుతూ.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"మాస్టర్ సాబ్," అన్నాడు కార్యదర్శి మెల్లగా, "గిది దేశీ ఆట గాదు. రాజు దుంకొద్దు."

తాత ఆయన వంక చూశాడు. బోర్డు వంక చూశాడు. నా వంక చూశాడు. ఎక్కడున్నాడో వెతుక్కుంటున్నట్టుగా చూశాడు. గుమ్మం దగ్గర బాపు తల వంచుకున్నాడు. ఆయన ఏమనుకుంటున్నాడో నాకు తెలుసు. ఇక ఆ చెప్పులు బీరువా మీదనే ఉంటాయి.

బ్యాంకు సారే ముందు తేరుకున్నాడు. "ఫరవాలేదండీ, పొరపాటున జరిగింది. మాస్టార్ని ఇంకో ఎత్తు వేసుకోనివ్వండి. నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు.

"సరే మాస్టర్ సాబ్, మీకు నచ్చింది వేరే ఏదన్న ఆడుండ్రి" అన్నాడు కార్యదర్శి.

"వద్దు," అన్నాడు తాత. గొంతు మామూలుగా ఉంది. "ముట్టుకున్న. రాజునే ఆడాలె. మీరు ఇడిసిపెడితె గెలిచిన గెలుపు నాకు పనికిరాదు సార్. మా కొడుకు గాడ నిలబడి చూస్తున్నడు."

రాజును వెనక్కి తెచ్చాడు. దాని గడిలో ఒక్క క్షణం పెట్టి, ముందుకు ఒక్క గడి జరిపాడు. ఇక కోట కట్టే హక్కు పోయింది. రాజు ఆరుబయట నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడారు. ఒకాయన జాలిగా నా తల నిమిరాడు. ఆయన చెయ్యి విసిరికొట్టాను.

ఆ తర్వాత జరిగింది నేను ఇప్పటికీ కళ్లు మూసుకుంటే చూడగలను. సారు దాడి మీద దాడి చేశాడు. తాత అడ్డం పెట్టాడు, మార్చుకున్నాడు, మళ్లీ మార్చుకున్నాడు. ఏనుగులు పోయాయి, శకట్లు పోయాయి. చివరికి ఇరువైపులా ఒక్కో గుర్రం, కాసిని బంట్లు మిగిలాయి. అప్పుడు చూస్తే సారు రాజు మూలన కోటలో ఉంది, తాత రాజు బోర్డు నడుమ ఉంది. భయపెట్టే పావులన్నీ పోయాక నడుమ ఉండడమే బలం. కోటలో ఉన్నవాడు బయటికి నడిచి వచ్చేలోపు, ఆరుబయట నిలబడ్డవాడు ఎక్కడికైనా చేరగలడు. తాత రాజు ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్లి సారు బంటు ఒకదాన్ని తీసుకుంది, ఇంకొకదాన్ని తీసుకుంది. సారు చొక్కా మడతలు నలగడం ఆ రోజే చూశాను.

దారి ఖాళీ అయింది. తాత నల్లబంటు నడిచి నడిచి ఆఖరి అంచుకు చేరింది. చేరింది మంత్రి గడికి కాదు, గుర్రం గడికి.

"ఏం కావాలె మాస్టర్ సాబ్?" అన్నాడు కార్యదర్శి.

అందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు. దేశీ ఆటలో అయితే గుర్రమే రావాలి. గుర్రం అంటాడేమో, అంటే నవ్వుతారేమో అని బెంచి అంచును గోళ్లతో పట్టుకున్నాను. నేను చెప్పకూడదు, చెప్తే ఆట పోతుంది. తాత నన్ను చూసి కన్ను గీటాడు.

"వజీర్," అన్నాడు.

ఇంకాసేపటికి సారు తన రాజును తానే పడుకోబెట్టి లేచి నిలబడ్డాడు. రెండు చేతులతో తాత చెయ్యి పట్టుకుని, "మీ రాజు నడిచినట్టు నా రాజు నడవలేకపోయిందండీ మాస్టారూ" అన్నాడు. జనం చప్పట్లు కొడుతుంటే నేను బెంచి మీదికెక్కి గంతులేశాను. బాపు కనిపించలేదు. వెతికితే, బయట కుప్పగా పడున్న చెప్పుల్లో వంగి ఏరుతున్నాడు. తాత గుమ్మం దాటేసరికి ఆయన చెప్పులు తెచ్చి, జత సరిగ్గా కలిపి, కాళ్ల ముందు పెట్టాడు. తాత వాటిలో కాళ్లు దూర్చి బాపు భుజం మీద చెయ్యి వేశాడు. నాకు ఏడుపెందుకొచ్చిందో తెలియదు, భోరుమని ఏడ్చాను.

ఇంటికొచ్చేసరికి పై పోర్షన్ నుంచి నేతి బొబ్బట్లు దిగాయి. "మావారు ఓడారు కదా అని చేశాను మాస్టారూ" అంది ఆమె నవ్వుతూ. "ఓడినప్పుడల్ల చేస్తవా అమ్మా? అయితే రోజు ఓడిపిస్త" అన్నాడు తాత. బ్యాంకు సారు అందరికంటే ఎక్కువ తిన్నాడు.

మర్నాడు సాయంత్రం వాసన రాగానే తాత గుండీలు పెట్టుకున్నాడు, చెప్పులు వేసుకున్నాడు, కర్ర తీసుకున్నాడు. "పోయొస్త" అన్నాడు అమ్మతో. అమ్మ గుమ్మం దాకా వచ్చి చూసి, కళ్లొత్తుకుని లోపలికి వెళ్లింది. నేను సందు చివర బేకరీ అరుగు మీద గచ్చకాయలాడుతున్నాను. తాత నడిచి వచ్చి మూల తిరిగాడు. అక్కణ్ణుంచి మా ఇల్లు కనబడదు. కనబడని చోటికి రాగానే ఆగిపోయాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. నన్ను చూసి దగ్గరికి రమ్మన్నాడు.

"బిడ్డా, ఆబిడ్స్ గీ దిక్కా, గా దిక్కా?"

నేను నవ్వాను. పరీక్ష పెడుతున్నాడనుకున్నాను, చిన్నప్పుడు కుడి ఎడమలు అలాగే నేర్పేవాడు.

"నవ్వకు బిడ్డా. నిజంగనే అడుగుతున్న."

ఆయన మొహం చూశాను. జీవితమంతా నడిచిన దారి అది. కళ్లలో నీళ్లు లేవు, సిగ్గుంది. పెద్దవాళ్లు సిగ్గుపడడం నేను అంతకుముందు చూడలేదు. గచ్చకాయలు అక్కడే వదిలేసి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఇంట్ల చెప్పకు," అన్నాడు నడుస్తూ. "మీ బాపు మాట మీద నిలబడ్డడు. గెలిచినంక చెప్పులు వాపస్ ఇయ్యబుద్ధి అయితలేదు."

చెప్పలేదు. రోజూ ఆడుకుంటానని ముందే బయటపడి బేకరీ దగ్గర నిలబడేదాన్ని. తాత ఇంట్లోంచి ఒంటరిగా దర్జాగా బయలుదేరేవాడు, మూల తిరగ్గానే చెయ్యి చాచేవాడు. హోటల్లో చాయ్ సాసర్‌లో సగం నాకు పోసేవాడు. బిస్కెట్ ముంచి సరిగ్గా విరిగే ముందు నోట్లో పెట్టుకోవడం ఆయనే నేర్పాడు. తిరుగుదారిలో ఎటు తిరగాలో నేను చెప్పేదాన్ని, ఏ ఆటలో ఏ ఎత్తు తప్పో ఆయన చెప్పేవాడు. ఒకరోజు నేనే అడిగాను, అప్పుడు రాజును ఎందుకు దూకించావు తాతా, రూలు యాదికి లేదా అని.

"యాది లేక గాదు బిడ్డా. ఆ గడియ మన వరండల ఉన్నననుకున్న. ముంగట హకీం సాబ్ కూసున్నడు. నిన్ను చూస్తె గాని ఏడున్ననో తెల్వలె." కాసేపు నడిచి, "తెలిసినంక మాత్రం మంచిగ ఆడిన, ఔనా?" అన్నాడు.

"ఔ తాతా, మస్తుగ ఆడినవ్" అన్నాను. ఆయనకు ఆ మాట చాలు.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం పొద్దున బాపు వరండాలో పేపరు చదువుతున్నాడు. నేను కింద కూర్చుని ఎక్కాలు రాసుకుంటున్నాను. బాపు పేపరు దించకుండానే అన్నాడు.

"మార్కెట్ చౌరస్తల బస్సులు జోర్‌గ తిరుగుతయి. పోలీసాయన చెయ్యెత్తినంకనే దాటాలె. వానొస్తె ఎక్కడిదక్కడ ఆగుండ్రి, తాతకు జల్ది సర్ది పడుతది."

నా చేతిలో బలపం ఆగిపోయింది. ఎప్పుడు చూశాడో, ఎన్నిసార్లు మా వెనక సైకిలు నడిపించుకుంటూ వచ్చాడో నాకు తెలియదు. "ఔ బాపూ" అన్నాను. అంతే, ఆ సంగతి మా మధ్య మళ్లీ రాలేదు.

తాత మంచం పట్టేదాకా మా నడక సాగింది. ఇప్పుడు తాత లేడు, బాపు లేడు, నా చెయ్యి పట్టుకునేవాళ్లు కావలసిన వయసు నాకే దగ్గరపడుతోంది. బాపు తన తండ్రిని ఎంత ప్రేమించాడో చెప్పమంటే నేను ఒకటే చెప్తాను. రోజూ ఆఫీసు నుంచి రాగానే, కాళ్లన్నా కడుక్కోకుండా, అమ్మ వినేటట్టు, పై పోర్షన్ వాళ్లకు కూడా వినబడేటట్టు అడిగేవాడు.

"ఏం నాయినా, ఇయ్యాల ఆబిడ్స్‌కు ఒక్కనివే పోయొచ్చినవా?"

"ఒక్కన్నే పోయొచ్చిన" అనేవాడు తాత. నేను పక్కనే కూర్చుని గౌను మీది బిస్కెట్ పొడి దులుపుకునేదాన్ని.